వీపు వైపు

మట్టి ఇక్కడ సంచుల్లో వస్తుంది,
ఏ దేశపు మట్టో సంచి మీదే అచ్చేసి ఉంటుంది.
షార్జాలో ఇసుకకేం కరువు లేదు గానీ ఇసుక మాట వినదు.
ముద్ద చేసి నిలబెడితే
చెయ్యి తీసేలోగా కూలబడుతుంది.

రబాబ్ టీచర్ ఇచ్చిన పని ఒక్క వాక్యం:
"ముందు అనేది లేని వస్తువొకటి చేసుకురండి."

మూడు వారాలు.
ఏది చేసినా దానికి మొహం వచ్చేస్తోంది.
బంతి చేస్తే, నా బొటనవేలు గుర్తు పడ్డ వైపు.
గుడ్డు చేస్తే, కిటికీ వెలుగు తగిలిన వైపు.
ఏమీ కాని ముద్దను బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగాను,
కాళ్ళు నొప్పెట్టి ఆగిన చోటే ముందైపోయింది.
తడిగుడ్డ కప్పేసి బస్సెక్కాను,
క్రీక్ పక్కనున్న చిన్న మ్యూజియానికి.
విద్యార్థులకు సగం టికెట్. చలి మాత్రం పూర్తిగా.

రెండో హాల్లో నల్లరాతి స్త్రీ.
మోకాళ్ళ మీద చేతులు, వంచిన తల,
కింద ఏదో పారేసుకున్నట్టు.
వచ్చినవాళ్ళంతా ఎదురుగా నిలబడి ఫోనెత్తుతారు,
అంత బరువు మనిషీ పలకలా పలచబడి
జేబులో పడిపోతుంది.
నిజం చెప్పాలి కదా, నేనూ తీశాను.

ఆమె వెనకాల, గోడవారగా, కుర్చీలో
గార్డు ముత్తెన్న. మెట్‌పల్లి దగ్గర ఊరు.
అమ్మతో ఫోన్లో నా మాటలు విని
"మనోళ్ళేనా బిడ్డా?" అన్నాడు.
నాలుగేళ్ళుగా అదే కుర్చీ అట.
ఆమె మొహం ఎలా అనిపిస్తుంది పెదనాన్నా అంటే
కాసేపు ఆలోచించాడు.
"డ్యూటీకి వచ్చేటప్పుడోసారి, పొయ్యేటప్పుడోసారి చూస్త.
మొహంల ఏమున్నది, అందరి లెక్కనే.
వీపు చూడు."

చూశాను.
ఎడమ భుజం కింద ఉలి జారిన గీత,
చెరపలేదో, చెరగలేదో.
నడుము దగ్గర నునుపు ఆగిపోయి
జానెడు మేర రాయి రాయిగానే మిగిలింది.
"ఈడికచ్చేసరికి చేసినాయనకు యాష్టకచ్చినట్టుంది,"
అన్నాడు ముత్తెన్న,
క్యాంపులో పక్క మంచం మనిషి గురించి చెప్పినట్టు.

చలికాలం మూడున్నరకు ఎత్తు కిటికీలోంచి ఎండ పడి
ఆమె నీడ నేలంతా పాకి అతని బూట్లెక్కుతుందట.
ఎండాకాలం అంత దూరం రాదట.
"బూట్ల మీదికచ్చిందంటే ఇగ రెండున్నర గంటలే."
ఈ రాతితో పొద్దు కొలుచుకునే మనిషొకడున్నాడని
ఆ చేసినాయనకు ఎవరు చెప్తారు?

తాకరాదని బోర్డు.
వారానికోసారి మెత్తటి బ్రష్‌తో వచ్చే
నేపాలీ అమ్మాయికొక్కతికే ఆ హక్కు.
ఆమె చేతినీ అడగాలి ఎప్పుడైనా.

తలెత్తితే కప్పు కింద మెరిసే రేకు గొట్టం.
ఇండస్ట్రియల్ ఏరియా షెడ్డులో నాన్న చేసేవి ఇలాంటివే:
చదును రేకు మీద గీత గీసి, మడిచి, అంచులు కలిపి కొట్టి
లోపల గాలికి దారి.
ఎక్కువగా వాటి కింద ఫాల్స్ సీలింగ్ వేసేస్తారు,
చూసేది బల్లులే.
రాత్రి అడిగాను: "నాన్నా, డక్ట్‌కి ముందు ఎటు?"
"గాలొచ్చే వైపు,"
అన్నాడు అన్నం కలుపుతూ,
ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

మర్నాడు తడిగుడ్డ తీసి
మట్టి కలపడం మానేసి తొలచడం మొదలుపెట్టాను.
మొదటిది కొలిమిలో పగిలింది.
రెండోది వంకరగా నిలబడింది.

ప్రదర్శన రోజు రబాబ్ టీచర్ దాని చుట్టూ
రెండుసార్లు తిరిగి, "ఇంకా కొంచెం ముందు మిగిలింది," అన్నారు.
మార్కులు చెప్పను.

సాయంత్రం ముత్తెన్న వచ్చాడు,
సెలవు రోజు, ఇస్త్రీ చొక్కా, బూట్లు మాత్రం డ్యూటీవే.
వచ్చినవాళ్ళందరినీ దాటుకుని
నేను వెనక అనుకున్న వైపుకి నేరుగా వెళ్ళాడు.
వంగి, చేతులు వెనక్కి కట్టుకుని,
ఒక రంధ్రంలోంచి అవతలి మనుషుల చెప్పులు చూశాడు.
తర్వాత లేచి గోడనీ, నేలనీ, కిటికీనీ
కళ్ళతో కొలిచి అడిగాడు:

"కుర్చీ ఏడేస్తరు బిడ్డా?"